దిష్టి తీస్తే ఆరిన దీపం

“మీ ఆయన సంపుతా అన్నడా, అనలేదా? ఒక్క మాటల చెప్పు.”

మార్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అన్నడు మేడం.”

“ఎవరి ముందల?”

“షోరూమ్ల ఉన్నోళ్ళందరి ముందల. కాలర్ సుత పట్టుకున్నడట.”

“మంచిగ చేసిండు. పోలీసోళ్ళకి ఇగ పనేముంది? మీ ఆయనే వాళ్ళకి కేసు తయారు చేసి ఇచ్చిండు.”

చిలకలగూడలో మెట్లు ఎక్కగానే ఎదురయ్యే ఒంటిగది ఆఫీసు కల్పలతది. చాలా ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, అక్కడి పెద్దలకి కంట్లో నలుసై, చివరికి బయటికొచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆవిడ నోటికి జడిసి సగంమంది గిరాకీలు రెండోసారి మెట్లెక్కరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. నోరు మార్చుకోవాలని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మంగళవారం సాయంత్రం జ్ఞానశేఖర్ అనే పాతకార్ల బ్రోకర్‌ని ఎవరో చంపేశారు. బుధవారం పొద్దున్న శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన, గుంతలో శవం దొరికింది. తల వెనక ఇనుపరాడ్డు దెబ్బ. ఆరున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. గురువారం మధ్యాహ్నం మార్త మొగుడు సోమయ్యని పోలీసులు పట్టుకుపోయారు. ఈ రోజు శుక్రవారం. మధ్యాహ్నం కోర్టులో హాజరు పెట్టి రిమాండుకి పంపుతారు. షూరిటీ ఇచ్చే దిక్కులేని మనిషి ఒకసారి జైలు గేటు దాటాడంటే ఎప్పుడు బయటికొస్తాడో చెప్పడం కష్టం. కుట్టుమిషను మీద ఇల్లు ఈదుకొస్తున్న మార్తకి ఆ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

సోమయ్య ఊరికే కాలర్ పట్టుకోలేదు. కార్ల పొగకి ప్రభుత్వం నంబర్లు పెట్టింది, బీఎస్-3, బీఎస్-4 అని. నంబరు పెరిగినకొద్దీ బండి వదిలే విషం తగ్గాలి. నాలుగు తర్వాత ఐదు రాకుండా ఏకంగా ఆరు వచ్చేసరికి, డిగ్రీలున్నవాళ్ళు సైతం మధ్యలో తమకి తెలియకుండా ఏదో జరిగిపోయిందని బెంగపెట్టుకున్నారు. ఆ బెంగ మీదే పద్మారావు నగర్ సత్యదేవ్ మూడంతస్తుల మేడ లేపాడు. ఢిల్లీలో పాత డీజిల్ బళ్ళకి బంకుల్లో ఆయిల్ పొయ్యరట అని పేపర్లో వార్త పడగానే, అది ఢిల్లీ సంగతని పూర్తిగా చదివేలోపే, సత్యదేవ్ షోరూము తరఫున జ్ఞానశేఖర్ ఫోన్లు కొట్టేవాడు. “సార్, మీది బీఎస్-4 డీజిల్. రేపోమాపో ఇక్కడా అదే రూలు. ఇప్పుడైతే తుక్కు రేటైనా పలుకుతుంది.”

ఇక్కడ అలాంటి రూలు ఉందా లేదా అని ఆర్టీఏ ఆఫీసు గుమ్మం ఎక్కి అడిగినవాడు ఒక్కడు లేడు. ఫిట్‌నెస్ చేయించుకుంటే ఇంకా హాయిగా తిరిగే బళ్ళని డాక్టర్లు అమ్మారు, లెక్చరర్లు అమ్మారు, అమ్మి ఏదో గండం గట్టెక్కినట్టు పక్కింటివాళ్ళకీ సలహా ఇచ్చారు. వాళ్ళని తలుచుకుంటే కల్పలతకి జాలి కూడా కలగదు. సోమయ్య మాత్రం అన్నం పెట్టే టాక్సీని అమ్ముకున్నాడు. తుక్కయిపోయిందన్న ఆ టాక్సీ కొత్త రంగు పూసుకుని సిద్దిపేటలో తిరుగుతుంటే పోయిన ఆదివారం కళ్ళారా చూశాడు. సోమవారం జ్ఞానశేఖర్ మెడ మీద చెయ్యి వేశాడు. అప్పటికే అతను డ్రైవరుగా పనిచేస్తున్నది సత్యదేవ్ ఇంట్లోనే. దోచుకున్నవాడి కారే తుడుస్తూ, వాడికే నమస్కారం పెడుతూ బతుకుతున్నాడు. సత్యదేవ్ అతని భుజం తట్టి “నేను కనుక్కుంటాలే” అని పంపించాడట. ఆ టాక్సీ ఎవరి లెక్కలో అమ్ముడైందో చెప్పగల జ్ఞానశేఖర్ మంగళవారం కల్లా లేడు.

“మంగళారం సాయంత్రం మీ ఆయన ఏడున్నడు?”

“ఐదు గంటలకే ఇంటికొచ్చిండు. సత్యదేవ్ సారు తల్లి, పెద్దమ్మ, జల్ది పొమ్మన్నదట. ఫోన్ల చార్జింగ్ లేదు. తిని పండుకున్నడు.”

“చూసినోళ్ళు?”

“నేనే.”

“పెండ్లాం సాక్ష్యం కోర్టుల ఎందుకు పనికొస్తది? జెర సోంచాయించు. ఆ దినం ఇంకేమన్న చెప్పిండా?”

మార్త ఆలోచించింది. “బండి గురించి పరేషాన్ అయిండు మేడం. సారు కొత్త బండిల పసుపు లైటు ఎలుగుతుందట. హైవే మీద అర్ధగంట ఉరికిస్తే పోతది, పెద్దమ్మ ఊరు దాటనియ్యదు, ఇట్లనే ఉంటే బండి ఆగిపోతది, నన్నే తిడతరు అన్నడు.”

కల్పలత కుర్చీలోంచి లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. “ఆ లైటు ఇంకా ఎలుగుతుందా?”

“నాకేం ఎర్క?”

“నాకూ ఎర్క లేదు. పోయి చూస్త.”

*

సత్యదేవ్ ఇంటి ముందు తెల్లటి పెద్ద డీజిల్ కారు బంతిపూల దండలతో పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. డిక్కీలో సూట్‌కేసులు. వసారాలో కుర్చీ వేసుకుని సత్యదేవ్ తల్లి వీరరాఘవమ్మ అన్నిటినీ అజమాయిషీ చేస్తోంది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆవిడ మాటలో ఆ యాస ఇంకా చెక్కుచెదరలేదు, ఆ పెద్దరికం అంతకన్నా చెదరలేదు.

“ఎవరమ్మా నువ్వు? చెప్పులు అక్కడే, అక్కడే విప్పు.”

“కల్పలత. ఇన్సూరెన్స్ పని చూస్తుంటనమ్మా. ప్రయాణమని తెలిసింది. బండి ఒక్కసారి చూసి పోదామని.”

పని మానేసి ఆరేళ్ళయిందన్న ముక్క ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

“చూసుకో. రెండు నెలలైంది కొని. కొన్న వారానికే మూఢం, వెనకాలే ఆషాఢం. అన్నవరం కొండ మీద స్వామి ముందు పెట్టి పూజ చేయించందే ఈ కారు ఊరు దాటదని మొక్కుకున్నాను. గుడికీ, మార్కెట్టుకీ, మావాడి షోరూముకీ, అంతే తిరిగింది. ఇవాళ పదకొండుకి ముహూర్తం.”

“కొత్త బండి కదమ్మా, లైట్లు గిట్ల ఏమన్న ఎలుగుతున్నయా?”

వీరరాఘవమ్మ ముఖం వెలిగిపోయింది. “అదే చెప్పబోతున్నా! స్టీరింగు ముందర పసుపు దీపం ఒకటి వెలిగేది. ఆ సోమయ్యగాడు హైవే అనీ, మసి అనీ ఏదో వాగాడు. నాకు తెలీదూ? వీధిలో అందరి కళ్ళూ దీని మీదే. మంగళవారం సాయంత్రం వాడు వెళ్ళబోయే ముందు బూడిదగుమ్మడికాయ తిప్పి కొట్టించాను. దీపం అప్పటికీ వెలుగుతూనే ఉంది. బుధవారం పొద్దున్న గుడికి వెళ్దామని ఎక్కానా, దీపం లేదు! ఎంత ఘోరమైన దిష్టో చూడు.”

కల్పలతకి నవ్వు గొంతుదాకా వచ్చింది. ముప్పావు గంట లెక్చరు ఇచ్చినా ఈవిడకి ఎక్కదని ఆ నవ్వుని మింగేసింది. బీఎస్-6 డీజిల్ బండి పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది, మసిని బయటికి వదలకుండా పట్టి ఉంచడానికి. హైవే మీద అరగంట వేగంగా పోతే ఆ వేడికి మసి కాలి బూడిదవుతుంది. గుడికీ మార్కెట్టుకీ మాత్రమే తిప్పితే మసి పేరుకుపోయి పసుపు దీపం వెలుగుతుంది. షోరూము కుర్రాళ్ళు కొనేటప్పుడు ఈ ముక్క చెప్పరు, చెబితే ఊళ్ళో తిరిగేవాడు డీజిల్ కొనడు గనక. గుమ్మడికాయకి ఆరే దీపం మాత్రం అది కాదు. మంగళవారం సాయంత్రానికీ బుధవారం పొద్దుటికీ మధ్య ఈ కారు హైవే ఎక్కింది.

“మంగళారం గుమ్మడికాయ కొట్టినంక మీరు ఇంట్లనే ఉన్నరా?”

“పారాయణకి వెళ్ళాను, ఐదున్నరకి. తొమ్మిదైంది వచ్చేసరికి.”

“కోడలు?”

“శ్రావణ మంగళవారం కదూ? పక్కవీధి స్వర్ణలత ఇంట్లో మంగళగౌరి పేరంటం. శ్రీలలిత నాతోనే గుమ్మం దిగింది. నాకంటే వెనకే వచ్చింది. వాయనం శనగలు తెచ్చి ఫ్రిజ్‌లో పడేసింది, ఇంకా అక్కడే నానుతున్నాయి.”

“ఇప్పుడు లోపలున్నదా?”

ముసలావిడ మూతి ముడుచుకుంది. “రాజమండ్రి పుట్టింటికట. నిన్న సాయంత్రం నేను గుళ్ళో ఉండగా మావాడు తీసికెళ్ళి సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కించి వచ్చాడు. అట్నుంచటే అన్నవరం వస్తుందట. శ్రావణ శుక్రవారం ఇంటి కోడలు ఇంట్లో లేకుండా పోవడం ఎక్కడైనా ఉందా? నాతో మాటైనా చెప్పలేదు.”

“కారు తాళాలు ఎవరి దగ్గరుంటయి?”

“దేవుడి గదిలో, స్వామి పాదాల దగ్గర. రెండు తాళాలూ అక్కడే. పొద్దున్న పూజయ్యాక నా చేత్తో ఇస్తాను, సాయంత్రం పసుపునీళ్ళు చల్లి నా చేత్తో లోపల పెడతాను.”

“సోమయ్య తీసుకోడా?”

“వాడా!” వీరరాఘవమ్మ నిజంగానే ఉలిక్కిపడింది. “వాడి పెళ్ళాం చర్చికి పోతుంది. వాడు వసారా మెట్టెక్కడు. మంచినీళ్ళు కూడా గేటు దగ్గరే.”

కల్పలతకి ఒళ్ళు మండింది. మూడంతస్తుల మేడలో గుక్కెడు నీళ్ళు గేటు బయట. ఆ మాట మొహం మీద అనేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. ఈ ఛీత్కారమే ఇవాళ సోమయ్యని కాపాడుతుందేమోనని ఊరుకుంది.

*

సత్యదేవ్ తెల్ల పంచెలో, నుదుట బొట్టుతో మెట్లు దిగివచ్చాడు. నలభై దాటిన మనిషి, షోరూములో అలవాటైన నవ్వు ఇంట్లో కూడా తీసిపెట్టడు.

“ఏ ఇన్సూరెన్స్ అండీ? నేనెవర్నీ పిలవలేదే.”

“మార్త పిలిచింది. సోమయ్య భార్య. నేను ప్రైవేట్ డిటెక్టివ్‌ని.”

నవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం లేదు. “పాపం. వాడిలాంటి పని చేస్తాడనుకోలేదు. లాయరు ఫీజు కావాలంటే నేనే...”

“మంగళారం సాయంత్రం మీరెక్కడున్నరు?”

“ఇంట్లోనే. నేనూ మా ఆవిడా టీవీ చూస్తూ కూర్చున్నాం. శ్రీలలితే స్వయంగా ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పింది.”

వీరరాఘవమ్మ ఏదో అనబోయింది. గేటు ముందు జీపు ఆగిన చప్పుడుకి అందరూ అటు తిరిగారు.

ఇన్‌స్పెక్టర్ దయాకర్ దిగాడు. చేతిలో ఫైలు, వెనక ఒక కానిస్టేబుల్. కల్పలతని చూడగానే అతని పెదవి ఒక పక్కకి వంకరపోయింది. ఇన్సూరెన్స్‌లో ఉన్నప్పుడు ఆవిడ రెండుసార్లు అతని కేసుల్ని కోర్టులో చిత్తు చేసింది. అతను ఆ రెండూ మర్చిపోలేదు. ఆవిడకి గుర్తుపెట్టుకోవాల్సినంత పెద్దవిగా అవి అనిపించలేదు, అదే అతనికి ఇంకా ఎక్కువ మంట.

“ఏందీ మేడం, ఇన్సూరెన్స్ బందయితే ఇండ్లల్ల జొర్రుడు షురూ చేసినవా?”

“మీరు ఇండ్లల్లకి రాకుండనే కేసులు ముగిస్తుంటే, ఎవరో ఒకరు జొర్రాలె కద సార్.”

“నేను సత్యదేవ్ గారి సంతకం కోసం వచ్చిన. పన్నెండు గంటలకి కోర్టు. అడ్డం రాకు.”

“ఒక్క మాట చెప్పుండ్రి. సోమయ్య జ్ఞానశేఖర్‌ని శామీర్‌పేట దాకా ఎట్ల తీస్కపోయిండు?”

“బైకు మీద.”

“జ్ఞానశేఖర్ ఎంత ఉంటడు? నూరు కిలోలు. కొట్లాడిన మర్నాడు, కాలర్ పట్టుకున్నోని బైకెనక కూసోని, నడుం పట్టుకొని శామీర్‌పేట దాకా పోయిండా? మీ ఫైలుల ఇది రాసినోనికి దండం పెట్టాలె.”

కానిస్టేబుల్ నేల చూపులు చూశాడు. దయాకర్ చెవులు ఎర్రబడ్డాయి. “మరి నీ కథేంది?”

“జ్ఞానశేఖర్ ఈ బండిల పోయిండు.” దండలు వేసిన కారు వైపు వేలు చూపించింది.

పసుపు దీపం సంగతి, జల్లెడ సంగతి, గుమ్మడికాయ సంగతి చెప్పేసరికి సత్యదేవ్ మొహంలోంచి నవ్వు చల్లగా జారుకుంది. ఊరందరినీ పాత బండి పొగ పేరు చెప్పి భయపెట్టినవాడు, తన కొత్త బండి పొగగొట్టంలో ఏముందో ఒక్కనాడూ తెలుసుకోలేదు. అమ్మే సరుకు గురించి అంతకంటే తెలియాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

వీరరాఘవమ్మ కుర్చీలోంచి లేచింది. “నా మొక్కు తప్పిందంటావా? స్వామి మీద ఆన, నా కారు పొలిమేర దాటలేదు!”

దయాకర్ మాత్రం గట్టిగా నవ్వాడు. చేతిలో ఫైలు తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. “శెభాష్ మేడం! బండి హైవే ఎక్కిందంటవ్. మరి ఈ బండి డ్రైవరెవరు? సోమయ్యే కద! బైకు కాదు, కారు. అంతే. ఫైలుల ఒక్క లైను మారుస్త. నా కేసుల ఉన్న తక్లీఫ్ సుత నువ్వే తీసేసినవ్.”

అతనికి మెదడు లేదని కల్పలత ఇన్నాళ్ళూ తీసిపారేసింది. తీరా చూస్తే తన తెలివినే తన గిరాకీ మెడకి ఉరితాడుగా పేని అతని చేతికిచ్చింది. ఒక్క క్షణం ఆవిడకి తనమీదే రోత పుట్టింది. ఆ రోతని పక్కకి నెట్టింది. గోడ గడియారంలో పదిన్నర.

“పెద్దమ్మా, ఇన్‌స్పెక్టర్ సార్‌కి సుత చెప్పుండ్రి. తాళాలు యాడుంటయి?”

“దేవుడి గదిలో.”

“మంగళారం సోమయ్య పోయేటప్పుడు?”

“నా చేతికిచ్చి పోయాడు. నేను లోపల పెట్టాను. తర్వాతే పారాయణకి వెళ్ళాను. ఇంటికి తాళం వేసింది శ్రీలలిత.”

“ఆ తాళంచెవి సోమయ్య దగ్గరున్నదా?”

“రామరామ! మావాడి దగ్గరా, కోడలి దగ్గరా, నా దగ్గరా. మూడే.”

దయాకర్ నవ్వు ఆగింది. మొదటిసారి సత్యదేవ్ వైపు చూశాడు. “మీరు ఇంట్లనే ఉన్నం అన్నరు కద? తాళం ఎందుకు పడ్డది?”

“అమ్మ పెద్దదైపోయింది సార్, రోజులు కలిపేస్తోంది. నేనూ శ్రీలలితా...”

“నేను రోజులు కలపడమేంట్రా?” వీరరాఘవమ్మకి కోపం ముంచుకొచ్చింది. “నువ్వు షోరూములో ఉన్నావు. అది నాతోనే పేరంటానికి బయల్దేరింది. ఫ్రిజ్ తెరువు, శనగలు చూపిస్తాను. టీవీ ఏమిటి, టీవీ!”

తల్లి మాటకి కొడుకు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కొడుకుని పట్టించాలని అనలేదు. తన జ్ఞాపకాన్ని తప్పు పట్టినందుకు అంది. కల్పలతకి ఆ ముసలితనపు పొగరు మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

“అంటే మీ భార్య మాకు అబద్ధం చెప్పిందా?” అన్నాడు దయాకర్.

“భయపడి ఉంటుంది సార్. ఆడవాళ్ళు... అన్నవరం నుంచి రాగానే స్టేషన్‌కి తీసుకొస్తాను. ముహూర్తం దాటిపోతోంది. అమ్మా, కారెక్కు.”

“ఎక్కే ముందర ఒక్క పని,” అంది కల్పలత. బ్యాగులోంచి అగ్గిపెట్టంత పరికరం తీసింది. దొంగ క్లెయిములు పట్టేటప్పటి నుంచీ దాన్ని వదల్లేదు. స్టీరింగు కింద సాకెట్టుకి తగిలిస్తే బండి కంప్యూటరు తన జాతకం ఫోన్లో చెబుతుంది. “అన్నవరం దాకా పోయినంక దీంట్ల ఏం మిగలదు. తొవ్వల మసి మళ్ళ కాలి, పాత లెక్క చెరిగిపోతది. ఇప్పుడే చూడాలె.”

“వారెంట్ ఉందా?” సత్యదేవ్ గొంతు మారింది. “సార్, ఈవిణ్ణి బయటికి పంపండి. ఇది నా ఇల్లు.”

దయాకర్ తటపటాయించాడు. అతను తేల్చుకునేలోపే వీరరాఘవమ్మ కొంగున కట్టుకున్న తాళం విప్పి కల్పలత చేతిలో పెట్టింది. “చూడు. నా మొక్కు నిజమో అబద్ధమో ఇప్పుడే తేల్చు. ఈ అనుమానంతో నేను స్వామి ముందు ఎలా నిలబడను?”

బంతిపూల దండ పక్కకి తప్పించి కల్పలత డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. పసుపు దీపం లేదు. పరికరం తగిలించి ఫోను చూసింది. ఒకసారి చదివి, నమ్మకం కుదరక మళ్ళీ చదివింది.

“సార్, ఇటు రాండ్రి. ఇది ఏం చెప్తదంటే, జల్లెడల మసి కాలినంక బండి ఇంకెంత దూరం తిరిగింది అని. ఎంతున్నది?”

దయాకర్ వంగి చదివాడు. “నూటఎనభై ఆరు కిలోమీటర్లు.”

“మసి కాలింది మంగళారం సాయంత్రం, శామీర్‌పేట తొవ్వల. అక్కడికెళ్ళి ఇల్లు చేరనీకి ముప్పై అనుకో. బుధారం పెద్దమ్మ గుడికి పోయొచ్చింది, రెండు మూడు కిలోమీటర్లు, తాళాలు మళ్ళ దేవుని గదిలకే పోయినయి. తర్వాత సోమయ్య ఏడున్నడు?”

“గురువారం మధ్యాహ్నం నుంచి మా లాకప్‌ల.”

“మిగిలిన నూటయాభై ఎవరు తిప్పిండ్రు?”

దయాకర్ జేబులోంచి ఫోన్ తీశాడు. “సోమయ్యని బండెక్కించకుండ్రి. నేను చెప్పేదాక ఆగుండ్రి,” అన్నాడు. అతని గొంతులో ఇందాకటి నవ్వు లేదు. కల్పలత గెలిచినట్టే. గెలిచిన సంతోషం మాత్రం ఆవిడకి కలగలేదు, ఎందుకంటే లెక్క అప్పటికే, టీవీ మాట అబద్ధమని తెలిసిన ఒకే ఒక్క మనిషి దగ్గరికి పరిగెత్తింది.

“సత్యదేవ్ గారూ, నిన్న మీరు ఈ బండి యాడికి తీసిండ్రు?”

“స్టేషన్‌కి. చెప్పాను కదా, మా ఆవిణ్ణి రైలెక్కించడానికి.”

“ఇక్కడ్నుంచి స్టేషన్‌కి నడుచుకుంట పోవచ్చు. ఇంకెక్కడికన్న?”

“లేదు. తిన్నగా ఇంటికి.”

“ఏ రైలు?”

“సాయంత్రం... అన్నీ గుర్తుంటాయా అండీ?”

వీరరాఘవమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నూటయాభై కిలోమీటర్ల లెక్క ఆవిడకి ఎక్కిందో లేదో కాని, కొడుకు గొంతు ఆవిడకి తెలుసు. నడుముకి దోపుకున్న ఫోన్ తీసి, ఫొటో మీద వేలు నొక్కింది. రాజమండ్రి వియ్యపురాలు. తనకి చెవి సరిగ్గా వినపడదు గనక ఎప్పుడూ స్పీకరే.

“వదినగారూ, శ్రీలలిత నిద్ర లేచిందాండీ? ఒకసారి ఫోనివ్వండి.”

అవతలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. “శ్రీలలిత మీ దగ్గరుంటే నన్నడుగుతారేంటండీ! నిన్న రాత్రి అల్లుడుగారు ఫోన్ చేశారుగా, రైలు ప్రయాణం మానేసింది, మీతోపాటే కార్లో అన్నవరం వస్తుందీ అని. మేము బయల్దేరబోతున్నాం. అది చీర కట్టుకుందా? ఒకసారి పిలవండి, మాట్లాడతాను.”

అవతలావిడ “హలో, హలో” అంటూనే ఉంది. ముసలావిడ రెండు మెట్లు దిగి, కొడుకు ఎదురుగా నిలబడింది. ఇందాకటి పెద్దరికం ఆ మొహంలో ఎక్కడా లేదు.

“సత్తీ, కోడలు ఏదిరా?”

సత్యదేవ్ ఆవిడ వంక చూడలేదు. దయాకర్ గేటుకి అడ్డంగా వచ్చి నిలబడటం చూశాడు, కానిస్టేబుల్ జీపు దగ్గరికి పరిగెత్తడం చూశాడు. జారిన బంతిపూల దండని బానెట్టు మీద జాగ్రత్తగా సర్ది, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ముహూర్తం దాటిపోతోందమ్మా,” అన్నాడు. “కారెక్కు.”